భాను పిన్ని గొంతు

ముత్యాలంపాడు, విజయవాడ
జూలై, ఆదివారం

భాను వదినకు,

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావని అడగను. రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాను.

ఫోన్ చేద్దామంటే గొంతు ఆపరేషనయ్యాక నువ్వు మాట్లాడకూడదన్నారు. మెసేజి పెడదామంటే నీ ఫోను ఎప్పుడూ రుచిత చేతిలోనే ఉంటుంది. తల్లికొచ్చినవన్నీ ముందు కూతురు చదివే ఇంటికి మనసులో మాట ఎలా రాయను? అందుకని పోస్టాఫీసుకు వెళ్ళి కవర్లు కొనుక్కొచ్చాను. ఇన్నేళ్ళకు మళ్ళీ కలం పట్టుకుంటే వేళ్ళు నొప్పెడుతున్నాయి.

ముందు అభినందనలు. మూడో పేజీలో సగం నువ్వే. "యంత్రం గొంతు వెనుక బందరు గొంతు" అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఆకుపచ్చ పట్టుచీర కట్టావు. అది మా అన్నయ్య పెళ్ళికి, మేనత్త కూతురిగా నువ్వు, చెల్లెలిగా నేను, మనిద్దరం కలిసి కొన్నది. నాది ఎప్పుడో చిరిగిపోయింది, నీది ఇంకా నిగనిగలాడుతోంది. నీ వస్తువులన్నీ అంతే.

ఈ నెలంతా ఊళ్ళో ఎక్కడ చూసినా ఆ దుర్గాశంకర్ గోలే. మన బెజవాడ కుర్రాడట, కథలు చెప్పే యంత్రం చేశాడట, దేశంలో పెద్దవాళ్ళంతా అతని చెయ్యి పట్టుకుని ఊపుతున్నారట. అతను పొద్దున్నే ఏం తింటాడో ఒక పేపరు రాసింది. ఏ రంగు చొక్కాలు వేసుకుంటాడో ఇంకో పేపరు రాసింది. వాళ్ళమ్మ గారు పెసరట్టు వేస్తుంటే ఓ టీవీ వాళ్ళు స్టవ్ పక్కనే నిలబడి చూపించారు. ఆ యంత్రంలో గొంతు ఎక్కడిదని మాత్రం ఒక్కరూ అడగలేదు. అతను వేదికెక్కి, "ఇది ఏ మనిషిదీ కాదు, మేం పుట్టించిన గొంతు" అని బటన్ నొక్కాడు. నొక్కగానే మేక కథ వచ్చింది. బుడమేరు పొంగితే మేకపిల్లను భుజాన వేసుకుని దాటించే ముసలమ్మ కథ. చిన్నప్పుడు మన "భాను పిన్ని" కథల క్యాసెట్లు విన్నవాళ్ళంతా, "అరె, భాను పిన్ని!" అన్నారు. ఆ విలేకరి యేసుకుమార్ పుణ్యమా అని సంగతి బయటపడింది. నువ్వు ఒక్క రోజులో పెద్దదానివైపోయావు.

నీకు నిజం చెప్పనా? నాకు కడుపు మండింది. మా కోడలి చేత ఫోన్లో ఆ యంత్రాన్ని అడిగించాను, కథల క్యాసెట్ల నాగదుర్గ ఎవరని. ఆ పేరుతో సమాచారం లేదంది. భానుశ్రీ ఎవరంటే పేజీలు పేజీలు చెప్పింది. దొంగ ఇంట్లో పడితే నీ గది దోచుకుని, నా గది తలుపు కూడా తియ్యకుండా పోయాడన్న మాట.

టీవీ ఇంటర్వ్యూ కూడా చూశాను. మేక కథ వింటే ఇప్పటికీ ఏడుపొస్తుందని ఆ యాంకరమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నువ్వు నవ్వి తలూపావు.

వదినా, ఒక్కటి అడుగుతాను. మేక కథ చెప్పింది నేను. నీకు గుర్తుందా, లేదా?

నీ మరదలు,
నాగదుర్గ


ఈడేపల్లి, బందరు
జూలై చివరి వారం

మరదలు నాగదుర్గకు,

నీ ఉత్తరం అందింది. రుచిత చూడకముందే చదువుకున్నాను. నువ్వు కోరుకున్నట్టే జరిగిందిలే.

చీర సంగతి ముందు చెబుతాను. నువ్వు కట్టినప్పుడల్లా కుర్చీల్లో కూర్చుని నలిపేస్తావు, అందుకే చిరిగింది. నేను దాచుకుంటాను. దానికి కూడా కుళ్ళుకుంటే ఎలా?

ఇంటర్వ్యూ అంటున్నావు. అందులో నేనెక్కడ మాట్లాడాను? వాళ్ళు అడిగినవాటికి పలక మీద రాసి చూపించాను. అది చదవడానికి మనిషి ఎందుకని, వాళ్ళు ఆ యంత్రం చేతనే నా గొంతులో పలికించి ప్రసారం చేశారు. తెర మీద నా పెదవి కదలదు, నా గొంతు మాత్రం గలగలా వస్తుంది. నేను రాయని మాట కూడా ఒకటి కలిపారు, "నాకు చాలా గర్వంగా ఉంది" అని. దొంగతనం గురించి అడగడానికి వచ్చినవాళ్ళు దొంగసొత్తుతోనే నా చేత మాట్లాడించారు. రుచిత గొడవపడితే, "టైమ్ లేదండీ, ఏమనుకోకండి" అన్నారట. చూస్తూ నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇప్పుడు అసలు విషయం. రుచిత లాయరు శౌరమ్మగారిని మాట్లాడింది. ఆవిడ ఆ కంపెనీకి నోటీసు పంపారు. అనుమతి లేకుండా నా గొంతు వాడుకున్నారని, ఆపాలని, నా పేరు ప్రకటించాలని. "గొంతు ఒక్కరిదే అని గట్టిగా చెప్పాలమ్మా. ఇద్దరని ఎక్కడైనా నలుసంత అనుమానం వస్తే వాళ్ళు ఆ సందులోంచి జారిపోతారు" అని ఆవిడ మరీ మరీ చెప్పారు.

ఆ రోజుల్లో ఏ కథ ఎవరు చెప్పామో ఇప్పుడెవరికి గుర్తుంది? క్యాసెట్లు వేసిన పాండురంగయ్యగారు పోయారు, ఆయన రికార్డింగ్ గది ఇప్పుడు చెప్పుల షాపు. అట్ట మీద ఉన్న పేరు ఒకటే. నువ్వు కాస్త ఓపిక పట్టు. విలేకరులెవరైనా వస్తే ఏం మాట్లాడకు.

నీ వదిన,
భానుశ్రీ


ముత్యాలంపాడు, విజయవాడ
ఆగస్టు

భానుశ్రీ గారికి,

నీకు గుర్తులేదు కాబట్టి నేను గుర్తుచేస్తాను.

నీకు పచ్చకామెర్లు వచ్చి మంచానపడ్డావు. సగం క్యాసెట్లు అయ్యాయి, సగం మిగిలాయి. దసరాకల్లా సరుకు షాపుల్లో ఉండాలని పాండురంగయ్యగారు తల పట్టుకున్నారు. అప్పుడు మీ అమ్మ చౌడేశ్వరమ్మత్త నన్ను పిలిచి ఏమందో అది కూడా గుర్తులేదా? "ఒకరు మగ్గం దిగితే ఇంకొకరు ఎక్కమా? నేతలో తేడా కనపడకుండా నెయ్యి, అంతే. చీరకు రెండు పేర్లుంటాయా ఏంటి?" అంది. మన పెడన ఇళ్ళల్లో అలాగే కదా నడిచింది. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు కూర్చునేవాళ్ళు. చీర పూర్తయ్యాక అత్త దాన్ని వెలుగుకి పట్టుకుని చూసేది. ఎక్కడ చెయ్యి మారిందో తెలిస్తే విప్పించేది.

నేను అలాగే కూర్చున్నాను. నువ్వు ఎక్కడ ఊపిరి తీస్తావో, "ఊఁ కొట్టండి మరి" అనేటప్పుడు ఎక్కడ నవ్వు ఆపుకుంటావో, అన్నీ నీలాగే చెప్పాను. పాండురంగయ్యగారే తేడా పట్టలేకపోయారు. ఇన్నేళ్ళు నేను ఒక్కసారి నోరెత్తలేదు. క్యాసెట్లు పోయాయి, వినేవాళ్ళు లేరు, పోనీలే అనుకున్నాను. ఇప్పుడు దేశమంతా ఆ కథ విని కన్నీళ్ళు పెట్టుకుంటుంటే, ఆ కన్నీళ్ళన్నీ నీ ఖాతాలో పడుతుంటే, ఓపిక పట్టమంటావు. నావల్ల కావడం లేదు వదినా.

మొన్న బెంజి సర్కిల్ దగ్గర కల్యాణమండపంలో దుర్గాశంకర్‌కి పౌరసన్మానం చేశారు. నేనూ వెళ్ళాను. వరసలో నిలబడి ఫొటో దిగే వంతు వచ్చినప్పుడు, అతని చెవి దగ్గర నీ గొంతులో, "ఊఁ కొట్టండి మరి" అన్నాను. పాపం కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. కళ్ళు పెద్దవి చేసి, "అమ్మా! మా అమ్మమ్మగారింట్లో ఇదే విని పెరిగానమ్మా. ఆవిడ పెట్టెలో ఉన్న ఆ క్యాసెట్లే ముందు యంత్రానికి వినిపించాను" అనేశాడు. చుట్టూ అన్ని మైకులున్నాయి. ఒక్క పేపరైనా ఆ మాట రాస్తే ఒట్టు. అతని కుర్తా ఖద్దరని రాశారు. మా ఇద్దరి ఫొటో వేసి కింద ఏం రాశారో తెలుసా? "దుర్గాశంకర్‌తో ఒక అభిమాని".

అభిమానినట! ఆ పేపరు రోజంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

తెల్లారి ఆ కంపెనీ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు, సన్మానం దగ్గరే నా నంబరు రాయించుకున్నారులే. చాలా మర్యాదగా మాట్లాడాడు. ప్రతి మాటకీ మేడమ్ అన్నాడు. ఏమన్నాడో ఇప్పుడు రాయను. నువ్వు నాకు చెప్పనివి ఉన్నప్పుడు నేను మాత్రం అన్నీ ఎందుకు చెప్పాలి?

నాగదుర్గ


ఈడేపల్లి, బందరు
సెప్టెంబరు మొదటి వారం

నాగా,

శౌరమ్మగారికి కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ఆ గొంతు భానుశ్రీది కాదట. అసలు కళాకారిణి వేరే ఉన్నారట, ఆవిడ అనుమతి తమకు రాబోతోందట. పేరు రాయలేదు. రాయక్కర్లేదు కదా, నాకు తెలుసు. నీకు ఫోన్ చేసినాయన అడిగింది అదేనా?

సంతకం పెడితే నీ పేరు ఊరంతా మోగుతుంది. ఆ యంత్రం నీ గురించి కూడా పేజీలు పేజీలు చెబుతుంది. నా నోటీసు చిత్తుకాగితమవుతుంది. నేను అబద్ధాలకోరునని పేపర్లో వస్తుంది, అదే మూడో పేజీలో.

వాళ్ళు ఇంకోటి కూడా అడిగారు. ఇద్దరి లాయర్ల ముందు నేను మాట్లాడితే యంత్రం గొంతుతో పోల్చి చూస్తారట. ఏం మాట్లాడను? డాక్టరు ఇక మాట్లాడొచ్చన్నాక నిన్న ప్రయత్నించాను. రుచితను పిలిచాను. పక్కగదిలోంచి అది, "అమ్మా, కుక్కర్ ఏమైనా లీకవుతోందా?" అంది. గాలి తప్ప ఏం రావడం లేదు నాగా. ఇంతకుముందులా ఇక రాదట. రుచితకు చెప్పలేదు, నీకే రాస్తున్నాను.

కాబట్టి నా గొంతు ఇలా ఉండేదని చూపించగలిగిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. అది నువ్వు. నిన్ను అడుక్కోవాల్సి వచ్చిందని నాకు ఒళ్ళంతా మంటగా ఉంది.

గుర్తులేదని రాశాను కదా. అన్నీ గుర్తున్నాయి. మంచం మీద నుంచి ఆ క్యాసెట్టు విన్న రోజు కూడా గుర్తుంది. నేను ఇరవై కథలు చెబితే రాని పేరు నువ్వు చెప్పిన ఆ ఒక్క మేకతో వచ్చింది. బజారులో ఎవరు కనపడినా, "ఆ మేక కథ చెప్పండి పిన్నిగారూ" అనేవాళ్ళు. నేను చెప్పేదాన్ని. "క్యాసెట్లో ఇంకా బాగుందండీ" అనేవాళ్ళు. నా గొంతు నాకంటే నీకు బాగా వచ్చని నాకు అప్పుడే తెలుసు. టీవీ ముందు నేను తలూపింది మరచిపోయి కాదు. చెప్పబుద్ధి కాలేదు. ఇప్పుడూ కావడం లేదు. నువ్వొక్కదానివే కుళ్ళుకుంటున్నావనుకోకు.

పదిహేనో తారీకున గవర్నర్‌పేటలో శౌరమ్మగారి ఆఫీసులో కలుస్తున్నారు. నువ్వు వస్తావో, ఏ కుర్చీలో కూర్చుంటావో నీ ఇష్టం.

భాను


ముత్యాలంపాడు, విజయవాడ
సెప్టెంబరు, వినాయకుణ్ణి నిమజ్జనం చేసిన తరువాత

వదినా,

నువ్వు రాలేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. శౌరమ్మగారు నీకు లాయరు భాషలో చెప్పి ఉంటారు, అది వేరు.

సంతకం పెట్టాల్సిన కాగితం నా సంచిలోనే ఉంది. కంపెనీ ఆయన ముందురోజే ఇంటికి తెచ్చిచ్చాడు. యంత్రంలో ఆ గొంతుకు "నాగదుర్గ" అని పేరు పెడతారట. దుర్గాశంకర్ స్వయంగా వేదిక మీదకు పిలిచి శాలువా కప్పుతాడట, ఛానళ్ళన్నీ వస్తాయట. పొద్దున ఆ కాగితం మీద నా పేరు నాలుగుసార్లు చదువుకున్నాను. నేను దేవతనేం కాదు. ఆటో ఎక్కేటప్పటికి కూడా ఏం చేస్తానో నాకే తెలియదు.

ఆఫీసులో ఏసీ ఉంది. బల్లకు ఒకవైపు శౌరమ్మగారు, మీ రుచిత. రెండోవైపు కంపెనీ లాయరు, ల్యాప్‌టాప్‌తో ఒక సాంకేతిక నిపుణుడు. గోడమీద టీవీలో దుర్గాశంకర్, ఏదో విమానాశ్రయంలో కూర్చుని. నేను ఎటూ కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాను. రుచిత నావైపు చూడలేదు.

"మేడమ్, మేక కథ ఒక ముక్క చెప్పండి" అన్నాడు నిపుణుడు. నీ గొంతులో చెప్పాను. అతను తెర చూసి, "సరిపోయిందండీ" అన్నాడు. కంపెనీ లాయరు ముఖం వెలిగిపోయింది. "ఇంకేముందండీ, ఈవిడే అసలు కళాకారిణి. సంతకం పెట్టేయండమ్మా" అని కలం మూత తీశాడు.

వదినా, అప్పుడు నాకు ఎంత బాగుందో చెప్పలేను. నువ్వు అక్కడ లేకపోయావే అనిపించింది. నువ్వు చూస్తుండగా ఆ మాట వినాలని ఉంది.

కలం తీసుకున్నాను కూడా. అంతలో ఆ నిపుణుడు, రికార్డులో ఉండాలని కాబోలు, "ఒక్క నిమిషం. ఇదే మీ మామూలు గొంతులో కూడా చెప్పండి" అన్నాడు. చెప్పాను. నేను కూరగాయలమ్మాయితో బేరమాడే గొంతుతో ఆ ముసలమ్మను ఏరు దాటించడానికి చూశాను. పాపం మేకపిల్ల సగంలోనే ఆగిపోయింది. నాకే నవ్వొచ్చింది. తరువాత నవ్వు రాలేదు. నా సొంత గొంతుతో నేను ఎప్పుడూ ఒక్క కథ చెప్పలేదని అప్పుడు తెలిసింది.

"ఇది కలవడం లేదండీ" అన్నాడతను.

"కలవదు బాబూ. అది నా గొంతు కాదు, మా వదినది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చింది. కలం బల్లమీద పెట్టాను. కంపెనీ లాయరు, "అదేంటమ్మా, మీరే కదా చెప్పింది!" అన్నాడు. "చెప్పింది నేనే. ఆవిడ గొంతు ఎత్తుకుని చెప్పాను. యంత్రంలో ఉన్నది ఆవిడ గొంతు, నా మేక. మా ఇద్దరిలో ఎవరూ మీకు ఇవ్వలేదు" అన్నాను.

గోడమీద దుర్గాశంకర్ ముందుకు వంగి, "అంటే మీరూ ఆవిడ గొంతు తీసుకున్నట్టే కదమ్మా. నేను తీసుకుంటే తప్పేంటి? నేనూ ప్రేమతోనే తీసుకున్నాను" అన్నాడు. కుర్రాడు తెలివైనవాడే, ఊరికే అంత పేరు రాలేదు.

"నేను ఆవిడ మంచం పక్కన కూర్చుని అడిగాను నాయనా. ఆవిడకి ఇష్టం లేకపోయినా తలూపింది. నువ్వు ఎవరినడిగావు?" అన్నాను.

అతను జవాబు చెప్పేలోపల విమానం పిలిచారని తెర ఆరిపోయింది. కంపెనీ లాయరు కాగితాలు సర్దుకుని, మళ్ళీ కలుద్దామన్నాడు. రుచిత లేచొచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. దాన్ని ఓదార్చడం నాకు చేతకాక, ముక్కు తుడుచుకోమన్నాను.

ఇదంతా నీ మీద ప్రేమతో చేశాననుకోకు. నాకింకా మంటగానే ఉంది. బయట యేసుకుమార్ ఉంటే అన్నీ వివరంగా చెప్పాను. తెల్లారి రాశాడు. బాగానే రాశాడు. నా గురించి మాత్రం "భానుశ్రీ బంధువు నాగదుర్గ" అని ఒక్క ముక్క. బంధువునట! అభిమాని నుంచి బంధువునయ్యాను, అంతే ఎదుగుదల. నువ్వు నీ లాయరుతో చెప్పి నా పేరు సరిగ్గా రాయిస్తావా, లేదా? లేకపోతే ఈసారి నేనే వేరే లాయర్ని పెట్టుకుంటాను, నీ మీద.

నాగదుర్గ


ఈడేపల్లి, బందరు
అక్టోబరు

నాగా,

శౌరమ్మగారు మొదట ఒప్పుకోలేదు. కేసు పలచబడుతుందన్నారు. పలచబడితే పడనివ్వండి అని పలక మీద రాసి చూపించాను. కొత్త నోటీసు వెళ్ళింది. గొంతు భానుశ్రీది, మేక కథ చెప్పినది నాగదుర్గ, ఇద్దరినీ అడగలేదు, ఇద్దరి పేర్లూ ప్రకటించాలి అని ఉంది. బంధువు అన్న మాట ఎక్కడా లేదు. ఒక నకలు ఇందులో పెట్టాను.

రెండు పేర్లూ ఒకే అక్షరాల్లో ఉండాలని రుచిత అంది. నాది కాస్త లావుగా ఉంటే బాగుండేదని నేను మనసులో అనుకున్నాను. నీకు చెప్పకుండా ఎందుకుండాలి?

కంపెనీ ఇంకా ఏం తేల్చలేదు. ఆ యంత్రం ఇంకా కథలు చెబుతూనే ఉంది. దుర్గాశంకర్ ఇల్లు కడుతున్నాడని, గుమ్మాలకు టేకు తెప్పించాడని నిన్నటి పేపర్లో వచ్చింది. మన సంగతి ఎక్కడా లేదు. ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు, చూద్దాం.

నేనొకటి అడగాలి. ఇన్నాళ్ళూ అడగకుండా ఆపుకున్నాను.

రుచిత ఇంట్లో లేనప్పుడు ఒకసారి ఆ యంత్రం పెట్టుకుని విన్నాను. నేనే, అచ్చం నేనే. "అమ్మా భానూ" అని పిలవమని టైపు చేశాను. పిలిచింది. ఏ పేరు కొడితే ఆ పేరు అంతే బాగా పిలుస్తుందని గుర్తొచ్చి ఆపేశాను. మళ్ళీ పెట్టలేదు.

ఒకసారి బందరు రా నాగా. వీధి తలుపు వేసుకుని ఇద్దరమే కూర్చుందాం. నా గొంతు విని చాలా కాలమైంది. ఏ కథా వద్దు. మామూలుగా, నేను నిన్ను ఎలా తిట్టేదాన్నో అలా నన్ను తిట్టు. నేను వింటాను. విన్నంతసేపూ నీ మీద కుళ్ళుకుంటాను.

నీ వదిన,
భానుశ్రీ